బండింట్లో పుస్తకాలు, పాటలు, సినిమాలు: ముందు కాటా, తర్వాత కరెంటు లెక్క

టెంపో ట్రావెలర్‌లో కాపురం పెడదామనుకునేవాళ్లు మంచం, స్టవ్వు, నీళ్ల ట్యాంకు గురించి బాగానే ఆలోచిస్తారు. చిక్కంతా హాల్లో గోడ నిండా ఉన్న పుస్తకాలతో, అటక మీది క్యాసెట్ల పెట్టెలతో వస్తుంది. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని మురిసిపోతూ ఏరితే ఏడాదైనా తెమలదు. కాటా పెట్టి ఏరండి.

డెమ్మీ సైజు (మామూలు నవల సైజు), 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం, 200 పేజీల పుస్తకం అట్టతో కలిపి సుమారు పావు కిలో తూగుతుంది. అంటే వంద పుస్తకాలు పాతిక కిలోలు. గట్టి బైండు, ఆర్ట్ పేపరు అయితే రెట్టింపు వేసుకోండి. ఇద్దరుండే బండికి పాతిక కిలోలే హద్దు. పక్కనే 100 లీటర్ల నీళ్లు క్వింటాలు బరువు ఉంటాయని మర్చిపోకూడదు.

ఏరేటప్పుడు ఒకటే ప్రశ్న: పోతే మళ్లీ దొరుకుతుందా? దొరికేవాటిలో చదవాలనుకునే పాతిక కిలోలు బండికి ఉంచుకుని, మిగతావి విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లకు ఇచ్చేయండి. గుత్తగా ఇస్తే కిలోల లెక్క కడతారు కాబట్టి నిఘంటువులు, పోటీ పరీక్షల పుస్తకాలు విడిగా బేరం పెట్టండి. దొరకనివి బండిలోకి వద్దు, చుట్టాలింట్లో ఇనుప బీరువాలో ఉంచండి. ఎండలో తలుపులు మూసి నిలిపిన బండి లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు. ఆ వేడికి బైండింగు జిగురు మెత్తబడి పేజీలు ఊడొస్తాయి.

పుస్తకాల అర చేయించడానికి ఆటోనగర్‌ని మించిన చోటు లేదు. కాకపోతే అక్కడ చేతులన్నీ లారీ బాడీలకు అలవాటుపడ్డవి. నోరు విప్పి చెప్పకపోతే 18 ఎంఎం ప్లైవుడ్డు, లావుపాటి ఇనుప యాంగిల్ వేసేస్తారు. 8×4 షీటు 18 ఎంఎంది 35 కిలోల దాకా ఉంటుంది, 12 ఎంఎంది 23 కిలోలు. ఐఎస్ 710 ముద్ర (తడికి ఆగే మెరైన్ ప్లైవుడ్డు గుర్తు) ఉన్న 12 ఎంఎం చాలు. అర నేలకు దగ్గరగా, రెండు ఇరుసుల మధ్య ఉండాలి. బరువు కుడి ఎడమలకు సమానంగా పంచాలి. ముందు 6 సెం.మీ. అంచు పట్టీ, దాని పైన సాగే తాడు కట్టాలి, లేదంటే మొదటి స్పీడ్ బ్రేకరుకే పుస్తకాలు ఒళ్లో పడతాయి. వెనక బాడీ రేకుకు 2 సెం.మీ. ఖాళీ వదలండి. తెల్లవారుజామున రేకు చెమ్మ పట్టి, ఆనుకున్న అట్టలకు బూజు వస్తుంది. కలరా ఉండలు వేయొద్దు, ఆ గాలే రాత్రంతా పీల్చాలి. సిలికా జెల్ సంచులు పెట్టి, నెలకోసారి పుస్తకాలు నీడలో ఆరబెట్టండి. ఆవకాయ జాడీ మాత్రం ఎప్పుడూ పుస్తకాల అర కిందే.

క్యాసెట్లు, సీడీలు ఇల్లు ఖాళీ చేసేలోపే కంప్యూటరు ఫైళ్లుగా ఎక్కించాలి. సీడీ నుంచి ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో) ఫైలు చేస్తే ఒక్కోటి 300, 400 ఎంబీ అవుతుంది. వెయ్యి సీడీలైనా 1 టీబీ ఎస్ఎస్‌డీలో (తిరిగే భాగాలు లేని డిస్కులో) పట్టేస్తాయి. క్యాసెట్లకే ఓపిక కావాలి: గంట క్యాసెట్టుకు గంట పడుతుంది, అడ్డదారి లేదు. ముందు క్యాసెట్ డెక్కు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో రికార్డు చేయండి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో నేరుగా గుచ్చితే పాట మోనోలో, పగిలిన గొంతుతో వస్తుంది. రెండో కాపీ బండి బయట ఉండాలి. దొంగతనమైనా, ఎండైనా రెండు కాపీలనూ ఒకేసారి తీసుకుపోతాయి. తిరిగే హార్డ్ డిస్కు బండి కుదుపులకు ఆగదు, ఎస్ఎస్‌డీనే కొనండి.

కరెంటు లెక్క ఇది. 24 అంగుళాల టీవీ 30 వాట్లు, రెండున్నర గంటల సినిమాకు 75 వాట్ అవర్లు. స్పీకరుకు 40, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాను రాత్రి పది గంటలకు 300, లైట్లకు 50, ఫోన్లు, ల్యాప్‌టాప్‌కు 100. మొత్తం 565. 12.8 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 1280 ఉంటాయి, ఇన్వర్టరు మింగేది పోగా వెయ్యి చేతికొస్తాయి. చిన్న ఫ్రిజ్ పెడితే వేసవిలో రోజుకు ఇంకో 500 తింటుంది, అప్పుడు రోజూ నింపుకోవాల్సిందే.

కప్పు మీద 200 వాట్ల ప్యానెల్ రోజుకు 700, 800 ఇస్తుంది. మేలో ప్యానెలే కాగిపోయి అందులో ఆరో వంతు దాకా తగ్గుతుంది. అసలు తంటా వేరే. గుంటూరు ఎండకు బండిని చెట్టు కింద పెట్టాలి, చెట్టు కింద పెడితే ప్యానెల్ పడుకుంటుంది. అందుకే విడిగా 100 వాట్ల మడత ప్యానెల్, 4 చదరపు ఎంఎం తీగ 5 మీటర్లు ఉంచుకోండి. బండి నీడలో, ప్యానెల్ ఎండలో. చాలా లిథియం బ్యాటరీలకు ఛార్జింగు హద్దు 45 డిగ్రీలు. అది దాటితే లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఛార్జింగు ఆపేస్తుంది, జనం బ్యాటరీ పాడైందనుకుంటారు. బ్యాటరీని పడమటి ఎండ తగిలే గోడకు ఆనించకుండా, మంచం కింద గాలి ఆడేచోట పెట్టండి. ఇన్వర్టరుకు వెళ్లే తీగ మీద ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి.

12 వోల్టుల టీవీని బ్యాటరీకి నేరుగా తగిలించొద్దు. ఛార్జింగులో వోల్టేజీ 14.4 దాకా ఎక్కుతుంది. మధ్యలో స్థిరంగా 12 వోల్టులిచ్చే డీసీ కన్వర్టరు వేయండి. ప్రొజెక్టరు ముచ్చటగానే ఉంటుంది, కానీ దాని వేడీ, ఫ్యాను రొదా మీ నెత్తినే. శీతాకాలానికైతే సరే.

స్పీకర్లో గుయ్‌మని మోత వస్తే మొదట అనుమానించాల్సింది చవక ఇన్వర్టరునే. ఇంటి కరెంటులాంటి నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్‌ది తీసుకోండి. ఫోను ఛార్జింగులో ఉన్నప్పుడే మోత వస్తుంటే అది గ్రౌండ్ లూప్ (ఛార్జరు, ఆడియో తీగల గ్రౌండ్లు కలిసి చుట్టు ఏర్పడడం), ఆడియో తీగకు గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ తగిలిస్తే పోతుంది. వానకు రేకు కప్పు డప్పులా మోగి సినిమాలో మాటలు వినపడవు. కప్పు రేకులో మూడో వంతుకు బ్యూటైల్ షీటు (అదురు ఆపే రబ్బరు పట్టీ), దాని మీద పూర్తిగా 13 ఎంఎం నైట్రిల్ ఫోము అంటించండి. ఎండకూ అదే అడ్డు.

బండి రూపం మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ ఆమోదం ఉండాలి. ఆర్సీలో మార్పు ఎక్కాక బీమా కంపెనీకీ తెలపండి.

మీడియం వేవ్ రేడియో వినే అలవాటుంటే బండి రేకు సిగ్నల్ని ఆపేస్తుంది, సోలార్ కంట్రోలరు (ప్యానెల్ నుంచి బ్యాటరీకి ఛార్జింగును అదుపు చేసే పెట్టె) గరగర కలుపుతుంది. రేడియోను కిటికీలో పెట్టి, ఇన్వర్టరు ఆపి, పొద్దుగూకాక పెట్టుకోండి. ఆ వేళకు ప్యానెల్‌కూ పనుండదు.