కొత్త కారుతో ఎండాకాలం ప్రయాణమా? ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి

ఉగాదికి కొన్న కారు ఇంజిన్ మొన్న పట్టేసింది. మా వీధిలోవాళ్లదే. ఒంగోలు నుంచి ఇంటిల్లిపాదీ తిరుమలకు బయలుదేరారు. కావలి దాటాక ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. నెల్లూరులో చూపిద్దాంలే అని అలాగే నడిపారు. నెల్లూరు రాకముందే బండి ఆగిపోయింది. దేవుడి దయ, మనుషులకేమీ కాలేదు. ఇంజిన్ మాత్రం దించాల్సి వచ్చింది. ఆయిల్ లేకుండా నడిపితే వారంటీ వర్తించదన్నారు.

మొదట్లో బండిని తరమకూడదని అందరికీ తెలుసు. కొత్త ఇంజిన్‌కు ఆయిల్ తగ్గుతుందన్న సంగతే చాలామందికి తెలియదు. "కొత్త బండేగా, సర్వీసులో వాళ్లే చూస్తారు" అని బానెట్ ఎత్తరు. నేను చూసినంతలో కొత్త కార్లవాళ్లను నిలువునా ముంచింది ఈ మాటే.

సిలిండర్ లోపలి గోడ మీద ఫ్యాక్టరీలోనే సన్నటి అడ్డగీతలు గీస్తారు. లోపల పైకీ కిందికీ ఆడే పిస్టన్‌కు చుట్టూ ఉండే లోహపు రింగులు వాటి మీద రాసుకుంటూ కాస్త అరిగి గోడకు సరిగ్గా అమరాలి. అంతవరకు కొంత ఆయిల్ రింగులను దాటి పైకి వెళ్లి పెట్రోలుతో పాటు కాలిపోతుంది. ఇది మామూలే. ఎంత తగ్గిందో చూసుకోకపోవడమే ప్రమాదం.

చూడటానికి రెండు నిమిషాలు చాలు. సమంగా ఉన్న చోట బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగండి. డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూపే పొడవాటి సన్నని కమ్మీ) తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. మరక రెండు గుర్తుల మధ్య ఉండాలి. తగ్గితే మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిలే కొద్దికొద్దిగా పోయండి. పై గుర్తు దాటినా ఇంజిన్‌కు చేటే. మొదటి రెండు మూడు నెలలు వారానికోసారి చూడండి. దూర ప్రయాణానికి ముందు రోజు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి చూడండి.

ఇక రోడ్డు మీద. మొదటి వెయ్యి కిలోమీటర్లు (కొన్ని బండ్లకు ఇంకాస్త ఎక్కువ, మాన్యువల్ చూడండి) జాగ్రత్తగా నడపాలి. మన జాతీయ రహదారి సింగరాయకొండ నుంచి నాయుడుపేట దాకా సాఫీగా ఉంటుంది కాబట్టి టాప్ గేరులో ఎనభై మీద పెట్టి గంటల తరబడి అలాగే పోతారు. రింగులు అమరాలంటే ఇంజిన్ పడే శ్రమ పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. వేగం మారుస్తూ ఉండండి. వేగాన్ని ఒకేలా ఉంచే క్రూయిజ్ కంట్రోల్ జోలికి పోవద్దు.

అలాగని మరీ మెల్లగా, పెద్ద గేరులో గుడగుడలాడిస్తూ ఈడ్చినా తప్పే. బండి వణికితే గేరు తగ్గించండి. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కవద్దు. స్టార్ట్ చేయగానే రేజ్ చేయవద్దు. కళ్యాణమండపం బయట పిల్లల్ని పడుకోబెట్టి గంటలసేపు ఏసీ ఆన్‌లో ఉంచవద్దు, ఖాళీగా తిరిగే ఇంజిన్‌లో రింగులు అమరవు. ఏడుగురిని ఎక్కించి పైన సామాను కట్టి ఘాట్ రోడ్డు ఎక్కించవద్దు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కొత్త టైర్లు, బ్రేకులు పూర్తిగా పట్టవు, ముందు బండికి దూరం ఉంచండి. రోహిణి కార్తె ఎండలో టెంపరేచర్ ముల్లు మీద కన్నేసి ఉంచండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయవద్దు. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఊరు ఎంత దగ్గరైనా సరే, అక్కడే పక్కకు తీసి ఇంజిన్ కట్టేయండి. మళ్లీ స్టార్ట్ చేయవద్దు, కదపాలంటే తోయించుకోండి, లేదంటే క్రేన్ పిలవండి. డిప్‌స్టిక్ చూడకుండా ఊరు దాటవద్దు. డ్రైవర్ చూశాడన్నా మీరూ చూడండి. మొదటి సర్వీసుకు చెప్పిన కిలోమీటర్లు, నెలల్లో ఏది ముందొస్తే దానికే బండి ఇవ్వండి. ఆయిల్ కొన్న ప్రతి బిల్లూ దాచండి.