ఆరుగురు, ఎనిమిది రాత్రులు: తక్కువ ఖర్చుతో జపాన్ గ్రూప్ ట్రిప్ ప్లాన్ చేయడం ఎలా?

జపాన్ అంటే ఖరీదని భయపడి మానుకునేవాళ్లు కొందరు. యెన్ విలువ పడిపోయింది, చవకగా తేలిపోతుందని లెక్క చూసుకోకుండా బయల్దేరేవాళ్లు ఇంకొందరు. ఇద్దరిదీ పొరపాటే. స్నేహితులనూ చుట్టాలనూ కలిపి హైదరాబాద్ నుంచి నాలుగుసార్లు తీసుకెళ్లాను. ఎవరు సలహా అడగడానికి ఫోన్ చేసినా ముందు వినే మాట ఒక్కటే: "రైలు పాస్ అప్పుడే కొనేశాం." ఆ ఒక్క మాటతో మనిషికి పదిహేను నుంచి ఇరవై వేల రూపాయలు పోయినట్టే. అందుకే రైళ్ల సంగతి వివరంగా రాస్తాను. మిగతావి త్వరగా చెప్పేస్తాను.

1. మనుషుల్ని ఖాయం చేయండి

ఆరుగురు దాటకూడదు. జపాన్‌లో చిన్న హోటళ్లు నిజంగానే చిన్నవి. రామెన్ (నూడుల్స్ పులుసు) కొట్టులో కౌంటర్ ముందు ఎనిమిదో పదో స్టూళ్లు ఉంటాయి, అంతే. పదిమంది వెళ్తే ఆ కొట్లోకి అడుగు పెట్టలేరు, చివరికి ఏ మాల్‌లోనో రెండింతలు పెట్టి తింటారు. మామూలు ట్యాక్సీలో నలుగురే పడతారు. ఆరుగురైతే గదులు మూడు జంటలుగా సరిపోతాయి, లేదా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇమిడిపోతారు. ఐదుగురు, ఏడుగురు మాత్రం వద్దు. ఒకరికి విడిగా గది తీసుకోవాల్సి వస్తుంది, ఆ ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర మనస్పర్థలు వస్తాయి.

వాట్సాప్ గ్రూపులో "నేనూ వస్తా" అన్నవాళ్లను లెక్కలోకి తీసుకోవద్దు. ఒక తేదీ చెప్పండి. ఆ తేదీలోగా ఇరవై వేలు పంపినవాళ్లే వస్తున్నట్టు. తమ్ముడైనా సరే, బావగారైనా సరే.

2. నెల, విమానం

మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో సకురా పూలు. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా గోల్డెన్ వీక్ అనే వరస సెలవులు. ఆగస్టు మధ్యలో ఒబోన్, అంటే వాళ్ల పితృదేవతల పండుగ. నవంబర్ రెండో సగంలో క్యోటోలో ఎర్రాకుల సీజన్. డిసెంబర్ చివర కొత్త సంవత్సరం సెలవులు. ఈ తేదీల్లో గదుల అద్దెలు అందవు. తక్కువ ఖర్చు కావాలంటే సంక్రాంతి అయ్యాక బయల్దేరండి, లేదా డిసెంబర్ మొదటి సగంలో వెళ్లండి. చలి ఉంటుంది కానీ ఆకాశం శుభ్రంగా ఉంటుంది, ఫూజీ కొండ కనిపించే అవకాశం కూడా చలికాలంలోనే ఎక్కువ. బడి పిల్లలుంటే వేసవి సెలవులే దిక్కు కాబట్టి మే రెండో వారం పెట్టుకోండి. జూన్ వస్తే వానలు మొదలవుతాయి.

విమానం టికెట్‌లో ఒకే నియమం: దిగేది టోక్యోలో, తిరిగి ఎక్కేది ఒసాకాలో. బుకింగ్ సైట్లో "మల్టీ సిటీ" నొక్కి, వెళ్లేటప్పుడు నరితా, వచ్చేటప్పుడు కన్సాయ్ అని పెట్టండి. టికెట్ రెండు మూడు వేలు ఎక్కువైనా ఫర్వాలేదు. టోక్యోకి వెనక్కి రావడానికి అయ్యే 14,000 యెన్లు మిగులుతాయి, సగం రోజూ మిగులుతుంది. బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్, హాంకాంగ్, ఢిల్లీ, ఎటు మీదుగా వెళ్లినా మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. చవకగా వస్తున్నాయని రెండు విడి టికెట్లు కొంటే మధ్యలో లగేజీ దించుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. అందుకు ఆ దేశంలోకి అడుగు పెట్టాలంటే అక్కడి వీసా నిబంధనలూ చూసుకోవాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బులు పోయినట్టే.

3. వీసా

ఇది కష్టమేమీ కాదు. టూరిస్ట్ వీసాకి వీఎఫ్‌ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా దరఖాస్తు చేయాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్స్, టికెట్లు, గదుల బుకింగ్‌లతో పాటు ఏ రోజు ఎక్కడ ఉంటారో తేదీలవారీగా రాసిన పట్టిక ఇవ్వాలి. ఆ పట్టిక ఒకరు తయారు చేసి ఆరుగురికీ పంచండి. ఒకే గ్రూపులో ఇద్దరి పట్టికలు వేరువేరుగా ఉండకూడదు. వీసా ఇచ్చిన రోజు నుంచి మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా అప్లై చేయొద్దు. ప్రయాణానికి నెలన్నర ముందు చాలు.

4. రూటు, రైళ్లు: డబ్బంతా పోయేది ఇక్కడే

ఒకప్పుడు జపాన్ రైల్ పాస్, అంటే దేశమంతటా జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లలో తిరగడానికి కొనే జేఆర్ పాస్, నిజంగా లాభమే. ఏడు రోజుల పాస్ 29,650 యెన్లు ఉండేది. టోక్యో నుంచి క్యోటో వెళ్లి వెనక్కి వచ్చినా దాదాపు ఆ డబ్బు రాబట్టుకోవచ్చు. 2023 అక్టోబర్‌లో అదే పాస్ 50,000 యెన్లు అయింది. పద్నాలుగు రోజులది 80,000. పాత వీడియోలు, పాత సలహాలు మాత్రం ఇంకా చెలామణిలోనే ఉన్నాయి. "జపాన్ వెళ్తే ముందు పాస్ కొను" అని చెప్పేవాళ్లు ఆ పెంపు తర్వాత లెక్క వేసి చూడలేదు.

మీరు వేసి చూడండి. టోక్యో నుంచి క్యోటోకి నొజోమి అనే షింకన్‌సెన్‌లో (బుల్లెట్ రైల్లో) రిజర్వ్‌డ్ సీటు 14,000 యెన్ల పైచిలుకు. రెండు గంటల పావు ప్రయాణం. క్యోటో నుంచి ఒసాకాకి మామూలు జేఆర్ రైల్లో అరగంట, 600 యెన్ల లోపు. ఒసాకా నుంచి నారాకి పోయి రావడానికి 1,500 అనుకోండి. అంతా కలిపి 17,000 దాటదు. పాస్ కొంటే 50,000. అంటే మనిషికి 33,000 యెన్లు తేడా. ఆరుగురికి దాదాపు రెండు లక్షల యెన్లు. యెన్ 58 పైసల లెక్కన లక్ష రూపాయలు దాటింది. ఆ డబ్బుతో ఇంకో ఇద్దరికి విమానం టికెట్లు వస్తాయి.

"మేం హిరోషిమా దాకా వెళ్తాం కదా, అప్పుడైనా గిట్టుబాటు అవుతుంది" అంటారు. అదీ కాదు. టోక్యో నుంచి హిరోషిమాకి నొజోమిలో పోను రాను టికెట్లు విడిగా కొన్నా దాదాపు 40,000 యెన్లే. పైగా నొజోమి ఎక్కాలంటే పాస్ ఉన్నా అదనంగా డబ్బు కట్టాలి, లేకపోతే కొంచెం నెమ్మదిగా వెళ్లే హికారి కోసం ఆగాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: టోక్యో సబ్‌వేలో ఈ పాస్ పనిచేయదు, క్యోటో సిటీ బస్సుల్లో పనిచేయదు, నారాకి దగ్గరగా దించే కింతెత్సు అనే వేరే కంపెనీ రైళ్లలోనూ పనిచేయదు. మీరు రోజూ ఎక్కేవి ఇవే. 2024లో మాతో వచ్చిన ఒక జంట నన్ను అడక్కుండా పాస్ కొన్నారు. ఏడు రోజుల్లో దాన్ని ఆరుసార్లే వాడారు, మిగతా అన్నిటికీ మాతో పాటే చార్జీలు కట్టారు. ఆవిడ చివరి రోజు ఒసాకా స్టేషన్‌లో కూర్చుని లెక్క వేసుకుని బాధపడటం నాకింకా గుర్తుంది.

హిరోషిమా తప్పనిసరి అనుకుంటే దారి వేరే ఉంది. కన్సాయ్–హిరోషిమా ఏరియా పాస్ అని ఐదు రోజులది ఉంది. అదే 2023 పెంపు తర్వాత 17,000 యెన్లు. షిన్-ఒసాకా నుంచి హిరోషిమాకి షింకన్‌సెన్, అక్కడ మియాజిమా దీవికి వెళ్లే జేఆర్ పడవ, క్యోటో–ఒసాకా–నారా మధ్య జేఆర్ రైళ్లు అందులో వస్తాయి. ఒసాకా నుంచి హిరోషిమాకి ఒక్కసారి పోయి రావడానికే విడిగా అయితే 20,000 దాటుతుంది. టోక్యో నుంచి క్యోటోకి మాత్రం ఒక వైపు టికెట్ కొనుక్కోండి. విమానం ఒసాకా నుంచే అని ముందే చెప్పింది ఇందుకే. రూటు ఒకే దిశలో సాగితే దేశమంతటికీ పనికొచ్చే పాస్ అవసరమే రాదు.

ఇక జేఆర్ మామూలు రైళ్లలో రోజంతా తిరగనిచ్చే "సెయిషున్ 18" టికెట్ గురించి. ఒకే టికెట్‌ను ఐదుగురు కలిసి వాడుకోవచ్చని గ్రూపులకు తెగ చెప్పేవారు. 2024 చలికాలం నుంచి ఆ పద్ధతి మారింది. ఇప్పుడు ఒక టికెట్ ఒక మనిషికే, అదీ వరసగా మూడు లేదా ఐదు రోజులు. గ్రూపుకి దాని ఉపయోగం పోయింది. క్యోటో బస్సుల వన్ డే పాస్ కూడా అంతే, 2023లో అమ్మకం ఆపేశారు. ఇప్పుడున్నది సబ్‌వే, బస్సు కలిపి 1,100 యెన్ల పాస్.

నైట్ బస్సు మాట తప్పక వస్తుంది. టోక్యో నుంచి ఒసాకాకి ఎనిమిది గంటల పైన పడుతుంది, రద్దీ లేని రోజుల్లో షింకన్‌సెన్ చార్జీలో సగం కూడా ఉండదు. ఒక రాత్రి గది అద్దె కూడా కలిసొస్తుంది. ముప్పై ఏళ్ల లోపు కుర్రాళ్లే అయితే వెళ్లండి. పెద్దవాళ్లుంటే మాత్రం వద్దు. ఉదయం ఆరింటికో ఏడింటికో దిగుతారు. జపాన్‌లో చెక్-ఇన్ మామూలుగా మధ్యాహ్నం మూడింటికి. సరిగా నిద్ర లేకుండా, స్నానం లేకుండా ఎనిమిది గంటలు ఊళ్లో తిరగాలి. మా రెండో ట్రిప్‌లో ఇదే చేశాం. ఆ రోజు చూడాల్సిన గుళ్లు ఏవీ చూడలేదు, ఒక పార్కు బెంచీల మీద అందరం నిద్రపోయాం. మిగిలిన డబ్బు ఒక రోజు పోగొట్టుకున్నదానికి సాటి రాదు. డబ్బు బాగా ఇబ్బందిగా ఉంటే పగటిపూట నెమ్మదిగా వెళ్లే కొదమ అనే షింకన్‌సెన్‌కి "పురాట్టో కొదమ" అనే తగ్గింపు టికెట్ ఉంది, అది ముందుగా కొనండి. గంటన్నర ఎక్కువ పడుతుంది, అంతే. సీటు ఎంచుకునేటప్పుడు 'ఇ' వరస అడగండి, ఫూజీ అటువైపే కనిపిస్తుంది.

పెట్టెల గురించి ఒక జాగ్రత్త. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 160 సెంటీమీటర్లు దాటిన సూట్‌కేసుకి షింకన్‌సెన్‌లో ప్రత్యేక సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. దానికి అదనపు చార్జీ లేదు. చేసుకోకుండా ఎక్కితే 1,000 యెన్లు కట్టాలి. ఇంట్లో టేపు పెట్టి కొలిచి రమ్మని అందరికీ చెప్పండి. మనిషికి ఒక మధ్యరకం పెట్టె, ఒక బ్యాగు చాలు. ప్రతి స్టేషన్‌లో లిఫ్ట్ ఎక్కడుందో వెతకడం నాలుగు పెద్ద పెట్టెలతో నరకం.

ఊళ్లో తిరగడానికి సుయికా లేదా ఇకోకా కార్డు, అంటే ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే కార్డు. టోక్యోలో తీసుకున్నది ఒసాకాలోనూ చెల్లుతుంది. ఎవరి కార్డు వాళ్లకే ఉండాలి. ఒకే కార్డు ఇద్దరు వాడలేరు, ఎందుకంటే లోపలికి వెళ్లేటప్పుడు తాకించిన కార్డే బయటికి వచ్చేటప్పుడూ తాకించాలి.

5. గదులు

టోక్యోలో నాలుగు రాత్రులు, ఒసాకాలో నాలుగు. క్యోటోలో ఉండొద్దు. అక్కడ అద్దె ఎక్కువ, రాత్రి ఎనిమిది దాటితే చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒసాకా నుంచి రోజూ అరగంటలో వెళ్లి రావచ్చు. టోక్యోలో ఉఎనో, అసాకుసా చుట్టుపక్కల చూడండి. జపాన్ హోటళ్లలో అద్దె గదికి కాదు, మనుషుల లెక్కన మారుతుంది. బుకింగ్‌లో ఇద్దరని పెట్టి ముగ్గురు దిగడం కుదరదు. మనిషికి రాత్రికి 4,500 యెన్లు నా హద్దు. స్టేషన్‌కి నడక పది నిమిషాలు దాటితే ఎంత చవకైనా తీసుకోవద్దు. అర్ధరాత్రి ప్రాంతంలో రైళ్లు ఆగిపోతాయి, ఆ తర్వాత ట్యాక్సీకి అయ్యేది ఒక రాత్రి అద్దెకి సమానం.

6. డబ్బు సంచి

దిగిన రోజే మనిషికి 15,000 యెన్లు వసూలు చేసి ఒకరి చేతికివ్వండి. కలిసి తినేవి, ట్యాక్సీలు, టికెట్లు అందులోంచే. అయిపోతే మళ్లీ సమానంగా వేసుకోవాలి. ప్రతి భోజనానికీ ఆరుగురు ఆరు కార్డులు తీయడం అక్కడి చిన్న కొట్లలో కుదరదు. చాలా చోట్ల ముందే మెషీన్‌లో డబ్బు వేసి టికెట్ తీసుకోవాలి. నగదు సెవెన్-ఇలెవెన్ కొట్లలోని ఏటీఎంలలో మన కార్డులతో వస్తుంది.

మొత్తం మీద మనిషికి నా లెక్క ఇది: గదులకు 36,000 యెన్లు, తిండికి 23,000, ప్రయాణాలకు 27,000, ప్రవేశ రుసుములకు, చిల్లర ఖర్చులకు 10,000. రూపాయల్లో 56 వేలు. విమానం యాభై వేలకు దొరికితే, వీసా, ఇన్సూరెన్స్ కలుపుకుని మనిషికి లక్షా పదిహేను వేల లోపు అవుతుంది. షాపింగ్ ఎవరి జేబులోంచి వాళ్లదే. సెన్సోజీ గుడి, మెయిజీ మందిరం, ఫుషిమి ఇనారి మందిరం, టోక్యో నగర ప్రభుత్వ భవనం పైఅంతస్తు, ఇవన్నీ ఉచితం. టికెట్ పెట్టి టవర్లు ఎక్కాల్సిన పని లేదు.

7. తిండి

మాంసాహారులకు ఇబ్బంది లేదు. గ్యూదోన్ (అన్నం మీద బీఫ్ వేసి ఇచ్చేది) కొట్లు, కొన్‌బినీలు (సెవెన్-ఇలెవెన్ లాంటి చిన్న దుకాణాలు) ఉన్నాయి. శాకాహారులుంటే మాత్రం ముందే మాట్లాడుకోండి. మిసో సూప్, నూడుల్స్ పులుసు, చివరికి కూరగాయల ఉడకబెట్టిన వంటకాల్లో కూడా 'దాషి' ఉంటుంది. అది మామూలుగా ఎండు చేపతో కాచిన రసం. పైకి చేప ముక్క కనిపించదు కాబట్టి వడ్డించేవాళ్లు కూడా "ఇందులో మాంసం లేదు" అంటారు. అందుకే ఒకరైనా శాకాహారి ఉంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. అక్కడ దొరికే బియ్యం కాస్త అంటుకుంటాయి కానీ పెరుగన్నానికి బాగుంటాయి.

ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి గట్టిగా సీలు వేయించి తీసుకెళ్లండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, రొయ్యల పచ్చడి అన్నీ ఒకే సంచిలో పెట్టేసే అలవాటు మనది. కోడి, మేక మాంసం ఉన్న ఏ పదార్థాన్నైనా, పచ్చడైనా సరే, జపాన్‌లోకి తీసుకెళ్లడం నిషేధం. విమానాశ్రయంలో కుక్కలు వాసన పడతాయి, శిక్షలు పెద్దవి. పచ్చి కరివేపాకు, పండ్లు కూడా పెట్టొద్దు. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉన్నవాటికీ అక్కడ కఠినమైన నిబంధనలున్నాయి, వాటిని ఇంట్లోనే వదిలేయండి. బయల్దేరే ముందు రోజు రాత్రి ఆరుగురి పెట్టెలూ ఒకరు తెరిచి చూడాలి. మా గ్రూపులో ఆ పని నాదే.