బండ ఎక్కేవాళ్ల ఫొటోలు చప్పగా వస్తున్నాయా? సమస్యలు - పరిష్కారాలు

భువనగిరి బండ మీదో, కర్ణాటకలోని బాదామి ఎర్రరాతి గోడల మీదో ఒకరు ఎక్కుతుంటే కింద ఉన్నవాళ్లకు గుండె దడదడలాడుతుంది. అదే దృశ్యం ఫొటోలో చూస్తే ఏమీ అనిపించదు. అప్పుడు చాలామంది కెమెరాను అనుమానిస్తారు. నన్నడిగితే తప్పు ఎక్కువసార్లు మనం నిలబడ్డ చోటుదే. అందుకే దాంతోనే మొదలుపెడుతున్నాను.

సమస్య: బూట్ల అడుగులు, హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీలు) వెనక భాగం తప్ప ఏమీ కనిపించడం లేదు

కారణం: బిలేయర్ (కింద తాడు పట్టుకుని క్లైంబర్‌ను కాపాడే మనిషి) పక్కనే నిలబడి మెడ ఎత్తి తీయడం. క్లైంబర్ నాలుగైదు మీటర్లు దాటగానే మొహం, చేతులు ఒంటి చాటుకు వెళ్లిపోతాయి.

పరిష్కారం: అందరికీ వీలయ్యేది పక్కకు జరగడం. గోడ వెంబడి దూరంగా నడిచి, దగ్గర్లో ఏదైనా గుట్టో మిట్టో ఉంటే అది ఎక్కి, 70-200 మి.మీ. లాంటి జూమ్ లెన్స్‌తో తీయండి. క్లైంబర్ ఎత్తుకు మీరు ఎంత దగ్గరైతే మొహం అంత బాగా దొరుకుతుంది.

పైనుంచి తీస్తే ఇంకా బాగుంటుంది. పైకి చూసే కళ్లు, చాచిన చెయ్యి, అడుగున ఎక్కడో నేల, అన్నీ ఒకే ఫ్రేమ్‌లోకి వస్తాయి. దీనికి కొండ వెనక దారిలో పైకి చేరుకుని, మీ సొంత యాంకర్‌కు (తాడు కట్టే ఆధారానికి) పెద్దగా సాగని స్టాటిక్ తాడు కట్టుకుని దిగాలి. క్లైంబర్ వాడే యాంకర్ మీద మీరు వేలాడకూడదు. మీ తాడుకు కనీసం రెండు గట్టి ఆధారాలుండాలి, రాతి అంచున ఒరుసుకునే చోట కింద ప్యాడ్ వేయాలి. రూట్‌కు, అంటే క్లైంబర్ ఎక్కే దారికి, సూటిగా పైన కాకుండా కాస్త పక్కన ఉండండి. మీ కాలు తగిలి చిన్న రాయి జారినా ఎవరి మీదా పడదు. కెమెరాకు పట్టీ కట్టి హార్నెస్‌కు తగిలించండి. వేలాడుతూ లెన్స్ మార్చకండి. అది జారితే కింద ఉన్న బిలేయర్ ప్రాణానికే ప్రమాదం. తాడు పని రానివాళ్లు ముందు శిక్షకుల దగ్గర నేర్చుకోవాలి. అప్పటిదాకా పక్కనుంచే తీయండి, మంచి ఫొటోలు అక్కడినుంచీ వస్తాయి.

సమస్య: ఎంత నిటారుగా ఉన్న బండైనా చదునుగా కనిపిస్తోంది

కారణం: బండకు ఎదురుగా నిలబడి తీయడం. భువనగిరి ఏకశిల మీద ఇది బాగా తెలుస్తుంది. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందింది ఇక్కడే. బూటు రాపిడిని నమ్ముకుని ఎక్కే ఇలాంటి గ్రానైట్ వాలును ఎదురుగా తీస్తే, పాపం ఎక్కేవాళ్లు నేలమీద పాకుతున్నట్టు కనిపిస్తారు.

పరిష్కారం: వాలు గీత తెలిసేలా పక్కనుంచి తీయండి. ఫ్రేమ్‌లో దిగంతమో, దూరాన ఇళ్లో, చెట్లో కొంచెం ఉండనివ్వండి. కెమెరా మట్టం సరిచూసుకోండి. వాలు ఎక్కువగా కనిపించాలని కెమెరా వంచేవాళ్లున్నారు, అది నాకు అస్సలు నచ్చదు. ఎక్కినవాళ్ల కష్టాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిస్తే చాలు. పైగా స్వేచ్ఛగా వేలాడే తాడు ఎప్పుడూ నిలువుగానే ఉంటుంది కాబట్టి మోసం ఇట్టే బయటపడుతుంది.

సమస్య: మొహం నల్లగా, ఆకాశం తెల్లగా

ఫ్రేమ్‌లో ఆకాశం ఎక్కువైతే కెమెరా ఆ వెలుగునే లెక్కలోకి తీసుకుని ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుగు) తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 పెట్టి చూడండి. ఫోన్‌లో అయితే మొహం మీద నొక్కి వెలుగు పెంచండి. గోడ నీడలో ఉన్న వేళ ఎంచుకుంటే ఇంకా సుఖం. క్లైంబర్లకూ అదే ఇష్టం, ఎండకు కాలిన రాయి మీద చేతులు చెమట పట్టి జారతాయి. బాదామి రాయి ఎరుపు వెలిసినట్టు వస్తే ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే సెట్టింగ్) తీసేసి డేలైట్ పెట్టండి.

సమస్య: చెయ్యి అలుక్కుపోయింది, లేదా ఫోకస్ రాయి మీద పడింది

షటర్ వేగం 1/500 సెకను కన్నా తగ్గనివ్వకండి. గెంతి పట్టుకునే చోట 1/1000 కావాలి. కంటిన్యువస్ ఫోకస్‌లో ఒకే పాయింట్ పెట్టి మొహం మీద ఉంచండి. ఇండోర్ గోడల దగ్గర ఫొటోలో అడ్డంగా చారలు వస్తే అది లైట్ల మినుకు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి.

సమస్య: అంతా సరిగ్గానే ఉంది, కానీ ఫొటోలో ప్రాణం లేదు

కారణం: రూట్ తెలియకుండా తీయడం. విశ్రాంతి తీసుకునే పట్టు దగ్గర వంద ఫొటోలు తీసి, అసలు కష్టమైన చోటికి వచ్చేసరికి కెమెరా దించేస్తాం.

పరిష్కారం: ఎక్కకముందే అడగండి. “క్రక్స్ (అన్నిటికన్నా కష్టమైన చోటు) ఎక్కడ? ఏ చేత్తో అందుకుంటారు? అప్పుడు మొహం ఎటు తిరుగుతుంది?” మొహం ఎడమకు తిరుగుతుందంటే మీరూ ఎడమవైపే ఉండాలి. చూపు తర్వాతి పట్టు మీద నిలిచి, చెయ్యి ఇంకా దాన్ని అందుకోని ఆ క్షణం కోసం కాచుకోండి.

సమస్య: మీవల్ల క్లైంబర్ ధ్యాస చెదురుతోంది

ఫ్లాష్ వద్దు. “ఇటు చూడు” అని పిలవడం అసలే వద్దు. 2017లో క్లైంబర్ అలెక్స్ హొనాల్డ్ అమెరికాలోని ఎల్ కాపిటాన్ అనే నిలువు బండను తాడు లేకుండా ఎక్కినప్పుడు, అతి కష్టమైన చోట కెమెరామెన్‌ను ఉంచకుండా రిమోట్ కెమెరాలు పెట్టారు. అంత జాగ్రత్త మామూలు ఆదివారం క్లైంబింగ్‌కూ అవసరమే. డ్రోన్ అయితే ముందే అనుమతులు చూసుకుని, క్లైంబర్‌నూ బిలేయర్‌నూ అడిగి ఎగరేయండి. మన బండలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. తేనెపట్టు కనిపించిన గోడ దగ్గర డ్రోన్ తీయకండి. తేనెటీగలు రేగితే తాడు మీద ఉన్నవాళ్లకు పారిపోయే దారి ఉండదు.