వైజాగ్‌లో బయట తింటూనే కేలరీలు తగ్గించుకోవడం ఎలా?

నడకకని ఆర్కే బీచ్‌కి వెళ్లి, అరకిలోమీటరు నడిచి, ప్లేటు ఫ్రైడ్ రైస్ తిని ఇంటికొచ్చేవాణ్ని. బయట తిండి మానేయమంటే ఈ ఊళ్లో ఎవరూ మానరు. నేనూ మానలేదు. ఏది ఉంచుకోవాలో, ఏది తీసేయాలో మాత్రం నేర్చుకున్నాను.

మొదటి పని, కడుపు మాడ్చుకుని బయల్దేరకండి. ఆఫీసు నుంచి నకనకలాడుతూ మద్దిలపాలెంలో దిగితే ముందు ఏ బోర్డు కనిపిస్తే అదే డిన్నర్. ఐదింటికి ఒక అరటిపండో, గుప్పెడు వేయించిన శనగలో తినండి, చాలు.

రెండోది, కాంబో వద్దనండి. బర్గర్‌తో పాటు కూల్‌డ్రింకూ ఫ్రెంచ్ ఫ్రైసూ 'ఇంకో కొంచెం ఇస్తే వచ్చేస్తాయి సార్' అంటారు. మనం పడిపోయేది అక్కడే. 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరు చెంచాల పైమాటే. రోజు మొత్తానికి కలిపిన చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ కోటా ఒక్క సీసాతోనే అయిపోయింది, పైగా కడుపూ నిండలేదు. కొబ్బరి బొండం తాగండి, లేదా ఉప్పేసిన నిమ్మ సోడా. చెరకు రసం సహజమే కదా అంటారు మా బావగారు. సహజమైన చక్కెరే, కాదనను.

మూడోది, బండి దగ్గర నిలబడి చేతిని చూడండి. షవర్మా కట్టే కుర్రాడు రొట్టె మీద ఒక చెంచా మయోనైజ్ రాస్తాడు, చికెన్ పరిచాక ఇంకో చెంచా, చుట్టేశాక పక్కన చిన్న కప్పులో మరికొంత. పెద్ద చెంచాడు మయోనైజ్ అంటే దాదాపు 90 కేలరీలు. మయోనైజ్ అంటే చాలావరకు నూనే. పిండిపదార్థం గ్రాముకి 4 కేలరీలైతే, నూనె 9 మరి. 'తమ్ముడూ, మయో ఒక్కసారే, క్యాబేజీ ఎక్కువ వెయ్యి' అనండి. ఏమీ అనుకోడు. ఫ్రైడ్ రైస్ మాస్టర్‌కైతే నూనె తగ్గించమని కడాయి పొయ్యి మీద పెట్టకముందే చెప్పాలి. నూనె పోసేశాక చెప్పి లాభం లేదు. ఆ ప్లేటు కూడా ఇద్దరికి ఒకటి చాలు. వేపుడు నూనె నల్లగా మారి పొగలు కక్కుతుంటే మాత్రం మొహమాటం లేకుండా పక్క బండికి వెళ్లిపోండి.

పెద్ద చెయిన్ రెస్టారెంట్లలో ఒక సుఖం ఉంది. పది, అంతకు మించి శాఖలున్నవాళ్లు మెనూలో ప్రతి వంటకం పక్కన కేలరీలు చూపించాలని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. ధర చూసే కళ్లతోనే ఆ చిన్న అంకె కూడా చూడండి. ఒకే బోర్డు మీద రెండు చికెన్ బర్గర్ల మధ్య ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది.

ఇక బీచ్. మన అదృష్టం ఏమిటంటే ఇక్కడి పాత చిరుతిళ్లలో మంచివి చాలానే ఉన్నాయి. బొగ్గుల మీద కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్దిన మొక్కజొన్న పొత్తుకి వంక పెట్టలేం. గుడ్డు బజ్జీలో గుడ్డు పాపం అమాయకురాలు, ఉడికించింది ఒక్కటి 75 కేలరీలే. తప్పంతా పైనున్న శనగపిండి చొక్కాది, అది తాగే నూనెది. చొక్కా విప్పేసి ఉల్లిపాయలూ నిమ్మరసంతో తినొచ్చు. బండివాళ్లు అడిగితే ఉత్త గుడ్డే కోసిస్తారు.

నా ఓటు మాత్రం మురీ మిక్చర్‌కే. మరమరాల్లో ఉల్లి, టమాటా, కొత్తిమీర, వేరుశనగలు, కారం వేసి నిమ్మకాయ పిండి, డబ్బాలో గరిటెతో టకటకలాడిస్తాడు. పొట్లం నిండా కనిపిస్తుంది, బరువు మాత్రం గాలంతే. నూనె చుక్క, కారప్పూస వద్దంటే సరిపోతుంది. మెత్తబడకముందే తినేయాలి.

నేను వెళ్లే బండి అతను ఇప్పుడు నన్ను చూడగానే నూనె సీసా పక్కన పెట్టేస్తాడు. దానికి బదులు వేరుశనగలు అడక్కుండానే ఇంకో గుప్పెడు వేస్తాడు. వాటిలోనూ కేలరీలు దండిగానే ఉన్నాయి. నేనింకా వద్దనలేదు.