లారీలు తిరిగే రోడ్డుమీద సైకిల్ ఎలా తొక్కాలి?

మిర్యాలగూడలో సైకిల్ తొక్కేవాళ్లకు లారీలు తప్పవు. ఊరి చుట్టూ రైసు మిల్లులు, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, వాటిని కలుపుతూ అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు. ఇరవై ఏళ్లకు పైగా పనికి ఇక్కడే సైకిల్ మీద పోయి వస్తున్నాను. లారీ పక్కన చేయకూడని పని చేసేవాళ్లు రోజుకొకరైనా కనబడతారు. చూస్తే గుండె ఆగినంత పనవుతుంది.

సైకిల్ సంగతి ముందు. బ్రేకులు రెండూ పట్టాలి, బెల్లు మోగాలి, వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి. హ్యాండిల్‌కు కుడివైపు చిన్న అద్దం బిగించాలి. సీటు మీద కూర్చుంటే పాదం నేలకు ఆనాలి. ఎత్తు సీటు మన రోడ్లకు పనికిరాదు. ఇయర్‌ఫోన్లు జేబులో పెట్టుకోండి.

రోడ్డుకు ఎడమపక్కనే తొక్కాలి. ఎదురుగా పోతే లారీ కనబడుతుందని కుడివైపు తొక్కేవాళ్లు మా దగ్గర చాలామంది. నడిచేవాళ్లకైతే అది సరే, సైకిల్‌కు కాదు. లారీ గంటకు 60 కిలోమీటర్లు, మీరు 15 మీద ఉన్నారనుకోండి. ఒకే దిక్కున పోతుంటే అది 45 వేగంతో మిమ్మల్ని చేరుతుంది. ఎదురు పోతే 75. పైగా సందులోంచి రోడ్డెక్కే ఆటో డ్రైవర్ బండ్లు వచ్చే కుడివైపే చూస్తాడు, ఎడమనుంచి వచ్చే మీరు అతనికి తెలియనే తెలియదు.

తారు అంచు పట్టుకుని తొక్కొద్దు, అంచుకు మీటరు ఎడంగా రోడ్డు లోపలికి ఉండండి. అంచు మీదే ఉంటే తారు విరిగిన చోట చక్రం జారి, లేపబోతే కుడివైపు పడతారు. అంటే లారీ ముందుకే. లారీ దాటేటప్పుడు దాని గాలి ముందు ఎడమకు నెట్టి, తర్వాత తనవైపు లాగుతుంది. మోచేతులు బిగబట్టకుండా, తల తిప్పకుండా తిన్నగా పోండి.

ఇక అసలు గండం ఎడమకు తిరిగే లారీ. ఇది ఒక్కటి తెలిస్తే చాలు, మిగతావి కాస్త మరిచిపోయినా బతుకుతారు.

వాన పడ్డ రోజు ఏదైనా మిల్లు గేటు దగ్గర నిలబడి, లారీ లోపలికి తిరిగాక బురదలో టైర్ల అచ్చులు చూడండి. ముందు టైరు వెడల్పుగా తిరిగి పోతుంది. వెనక టైరు ఆ దారిన పోదు, మూలను కోసుకుంటూ బాగా లోపలికి వస్తుంది. ఒకసారి ఆ రెండు అచ్చుల మధ్య ఎడం చూశాను, మలుపు మధ్యలో మనిషి పడుకునేంత ఉంది. ముందు చక్రం దాటిపోయింది కదా, ఇక భయం లేదని సైకిల్ వాడు నిలబడేది సరిగ్గా ఆ ఎడంలోనే. పొడుగు ట్రెయిలర్ అయితే ఇంకా లోపలికి కోస్తుంది.

దీనికి తోడు ఇంకో మోసం ఉంది. ఇరుకు మలుపు తిరగడానికి డ్రైవర్ ముందు బండిని కుడికి తీస్తాడు. ఎడమపక్క ఖాళీ ఏర్పడుతుంది. మనకు దారి ఇచ్చాడనుకుని అందులో దూరుతాం. ఇవ్వలేదు! రెండు క్షణాల్లో ఆ ఖాళీ మూసుకుపోతుంది. డ్రైవర్ కూర్చునేది కుడివైపు, అదీ ఎత్తు మీద. ఎడమ తలుపు కింద ఉన్న సైకిల్ అతనికి కనబడదు. క్లీనర్ తల బయట పెట్టి చూస్తాడులే అనుకోవద్దు, చాలా బండ్లలో ఇప్పుడు క్లీనరే లేడు.

కాబట్టి సిగ్నల్ దగ్గరైనా, గేటు ముందైనా, లారీ ఆగి ఉంటే దాని ఎడమపక్క నుంచి ముందుకు పోవద్దు. ఎంత జాగా ఉన్నా, ఎంత ఆలస్యమైనా. వెనకే ఆగండి, నాలుగైదు సైకిళ్ల దూరంలో. అతని సైడ్ అద్దంలో అతని ముఖం మీకు కనబడాలి. కనబడలేదంటే మీరూ అతనికి కనబడడం లేదన్నమాట. ఇండికేటర్‌ను నమ్ముకోవద్దు, ముందు టైరు ఎటు తిరుగుతోందో చూడండి.

మీరు ముందే ఉండగా లారీ పక్కకు వచ్చి తిరగడం మొదలుపెడితే? తొక్కి దాటేద్దామని చూడొద్దు. రెండు బ్రేకులూ పట్టి దిగి, సైకిల్‌ను మట్టిలోకి లాగండి. లాగలేకపోతే వదిలేసి మీరు జరగండి. నా పాత సైకిల్ వెనక చక్రం అలాగే నలిగింది. వదిలేయడానికి మనసొప్పక క్యారియర్ పట్టుకుని ఇంకో క్షణం అక్కడే ఉన్నాను. కాలికి జానెడు దూరంలో టైరు పోయింది.

ఆగిన బస్సుకు కూడా ఎడమపక్కన పోవద్దు, జనం దిగుతుంటారు.

యాసంగి వడ్లు వచ్చాయంటే రోడ్డుకు ఒక పక్కంతా కుప్పలే. వాటిని తప్పించుకోవడానికి మనం ఒక్కసారిగా కుడికి వస్తాం, వెనక లారీ ఉంటుంది. కుప్ప ఇంకా దూరంగా ఉండగానే అద్దంలో చూడండి, బండి వస్తుంటే ఆగి దాన్ని పోనివ్వండి. చీకటి పడ్డాక కుప్పల మీద నల్ల పట్టాలు కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. అవి మీ కాలికి తగిలేదాకా కనబడవు. అక్కడ సైకిల్ దిగి నడిపించుకుంటూ పోండి.