ఇంట్లో క్యాసెట్ మీద రాక్ పాట రికార్డ్ చేయడం ఎలా?

పాత రాక్ ఆల్బమ్‌లలో గిటార్ ఎంత గరగరలాడినా చెవికి మెత్తగానే ఉంటుంది. అది టేప్ మహిమ. కంప్యూటర్‌లో శబ్దం సున్నా డెసిబెల్ దాటిందా, తరంగం పైభాగం టక్కున తెగిపోతుంది. టేప్ మీది అయస్కాంత రేణువులు మాత్రం మెల్లగా నిండుతాయి కాబట్టి డ్రమ్ దెబ్బ అణిగి, గుండ్రంగా వినిపిస్తుంది. క్యాసెట్ టేప్ వెడల్పు 3.81 మిల్లీమీటర్లే, వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లే. అందుకే ఈ గుణం అందులో తొందరగా బయటపడుతుంది, హిస్ (వెనక ‘స్‌స్’ అని వినిపించే మోత) కూడా.

1. లైన్-ఇన్ (బయటి నుంచి శబ్దం తీసుకునే సాకెట్), లెవెల్ మీటర్లు ఉన్న క్యాసెట్ డెక్ (రికార్డర్) చూసుకోండి. కొనేముందు ఒక పాట పూర్తిగా వినండి. స్వరం ఊగుతుంటే బెల్ట్ సాగినట్టే.

2. విశాఖ ఉప్పుగాలికి లోపలి ఇనుప భాగాలు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్‌ను (టేప్‌ను తాకి రికార్డ్ చేసే భాగాన్ని), టేప్ నడిచే దారిని తుడిచి, ఆరనివ్వండి. పాత క్యాసెట్ అయితే పైనున్న ట్యాబ్ చూడండి. విరిగిపోయి ఉంటే ఆ కన్నం మీద సెలోటేప్ అంటించాలి, లేకపోతే రికార్డ్ బటన్ దిగదు.

3. ఫ్యాన్, ఏసీ ఆపేయండి. ఉక్కపోతే, కానీ తప్పదు. బీచ్ రోడ్డు వైపు ఇల్లయితే కిటికీలు కూడా మూయండి. అందరూ ఒకే గదిలో కలిసి వాయించాలి. రెండు మైకులు, వాటి శబ్దాలను కలిపే చిన్న మిక్సర్‌లోకి, అక్కడి నుంచి డెక్‌కి.

4. అసలు పని లెవెల్ పెట్టడమే. రికార్డ్, పాజ్ కలిపి నొక్కి, పాటలో అన్నిటికన్నా గట్టిగా ఉండే చోటు వాయించండి. మీటర్ ముల్లు అప్పుడప్పుడు ఎరుపులోకి వెళ్లాలి, అక్కడే ఉండిపోకూడదు. మరీ ఎక్కువైతే ముందు పోయేది సింబల్ (డ్రమ్ సెట్‌లోని ఇత్తడి పళ్లెం) మెరుపే. డాల్బీ (హిస్ తగ్గించే ఏర్పాటు) ఆఫ్‌లో ఉంచండి.

5. ఇక వాయించండి. తర్వాత అతుకులు వేసే వీలు లేదని తెలిస్తే బ్యాండ్ ఒకరినొకరు వింటూ వాయిస్తుంది. ఏ కంప్యూటర్ ప్లగిన్‌తోనూ (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్‌తోనూ) రానిది ఇదేనని నా నమ్మకం. క్యాసెట్ రికార్డింగే ఆల్బమ్ కూడా కావచ్చు: అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ మీద డెమోలు చేసుకుని, బ్యాండ్‌తో మళ్లీ ప్రయత్నించి, చివరికి ఆ డెమోలనే 1982లో ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా విడుదల చేశారు.

6. వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. హిస్‌ను సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా కడిగేస్తే సింబల్ మోత చివర కూడా దానితోనే పోతుంది. క్యాసెట్‌ను సిలికా జెల్ ప్యాకెట్‌తో మూత గట్టి డబ్బాలో పెట్టండి, వానాకాలంలో బూజు పడుతుంది.