టింకరింగ్ అయ్యాక ఏసీ కూలింగ్ రావట్లేదా? గ్యాస్ కొట్టించే ముందు ఇవి చూడండి

రణస్థలం దగ్గరో టెక్కలి దగ్గరో హైవే మీద పశువు అడ్డం వచ్చి కారు ముందు భాగం నలిగితే, ముందుగా దెబ్బతినేవాటిలో ఏసీ గ్యాస్‌లోని వేడిని బయటికి పంపే కండెన్సర్ ఒకటి. రేడియేటర్‌కు ముందు, బంపర్ వెనకే ఉంటుంది అది. టింకరింగ్, పెయింటింగ్ పూర్తయ్యాక కూలింగ్ లేదంటే "గ్యాస్ కొట్టేస్తే సరి" అంటారు. దయచేసి ఒప్పుకోకండి.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆగినప్పుడు వేడిగాలి, హైవే ఎక్కగానే చల్లగాలి వస్తుంటే ముందు ఫ్యాన్‌ను అనుమానించండి. ఏసీ వేసి బోనెట్ ఎత్తండి. ఫ్యాన్ తిరగాలి, గాలి ఇంజన్ వైపు రావాలి. వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. రేడియేటర్ చుట్టూ ఉండే ఫోమ్ పట్టీలు, ప్లాస్టిక్ తొడుగులు తిరిగి బిగించకపోయినా వేడిగాలే మళ్లీ కండెన్సర్‌లోకి వెళ్తుంది.

గ్యాస్‌ను నొక్కి పంపే కంప్రెసర్ అసలు తిరగకపోతే, గ్యాస్ ఒత్తిడిని చూసే ప్రెషర్ స్విచ్ కనెక్టర్ చూడండి. ఆటో ఏసీ ఉన్న చాలా కార్లలో బయటి వేడిని కొలిచే సెన్సర్ బంపర్ దగ్గరే ఉంటుంది. దాన్ని తగిలించడం మరిస్తే, బయట బాగా చలిగా ఉందనుకుని బండి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. కనెక్టర్ పెడితే చాలు.

ఇక అసలు సంగతి తేమ. కండెన్సర్ పగిలిన బండి, పైపుల మూతులు మూయకుండా షెడ్డులో వారాల తరబడి ఉంటే, మన తీరపు గాలికి డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమను పీల్చే భాగం) తేమతో నిండిపోతుంది. ఆ తేమ, గ్యాస్ సన్నటి దారిలోంచి వెళ్లి చల్లబడే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకడుతుంది. అప్పుడు కాసేపు చల్లగా వచ్చి ఆగిపోతుంది, ఏసీ ఆపి కొంతసేపయ్యాక మళ్లీ వస్తుంది. ఆయిల్‌తో కలిసి యాసిడ్‌గా మారితే కంప్రెసర్‌కే ముప్పు. అందుకే డ్రయ్యర్, తెరిచిన ప్రతి జాయింటులో ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు రింగు) కొత్తవి వేయించాలి. కొన్ని కార్లలో డ్రయ్యర్ కండెన్సర్‌తోనే వస్తుంది. బిగించేదాకా దాని మూతలు తీయనివ్వకండి.

తర్వాత నైట్రోజన్‌తో సుమారు 150 పీఎస్ఐ పెట్టి అరగంట ఆగి, జాయింట్లకు సబ్బు నురగ రాయాలి. టైర్లకు పట్టే గాలి పనికిరాదు, అందులోనూ తేమే. లీకు లేదని తేలాక 30 నుంచి 45 నిమిషాలు వాక్యూమ్, అంటే పంపుతో లోపలి గాలి, తేమ లాగేయాలి. గేజి మైనస్ 29 అంగుళాల దగ్గరకు రావాలి. వాల్వులు మూసి పంపు ఆపాక 15 నిమిషాలు ముల్లు కదలకూడదు. కదిలితే లీకైనా ఉంది, తేమైనా మిగిలింది.

గ్యాస్ తూకం వేసే ఎక్కించాలి. చిన్న కార్లకు సాధారణంగా 350 నుంచి 500 గ్రాములు. మీ బండి లెక్క బోనెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. ఆర్134ఏ, ఆర్1234వైఎఫ్ వేర్వేరు రకాల ఏసీ గ్యాస్‌లు, రెండూ కలపకూడదు. కండెన్సర్ మార్చినందుకు పోయాల్సిన ఆయిల్ తరచుగా 20 నుంచి 40 మి.లీ., రకం మాత్రం కంప్రెసర్ మీద రాసిందే.

ఆర్134ఏ బండికి 35 డిగ్రీల ఎండలో లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) 30-45, హై సైడ్ (బయటికి వెళ్లే వైపు) 200-250 పీఎస్ఐ ఉంటే బాగున్నట్టే. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువైంది, లేదా ఫ్యాన్ గాలి చాలట్లేదు. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ.

ఇన్సూరెన్స్ పని అయితే డ్రయ్యర్, ఓ-రింగులు, గ్యాస్ ఎస్టిమేట్‌లో విడిగా రాయించండి. గ్యాస్‌ను కన్స్యూమబుల్ (వాడితే అయిపోయే సామాను) కింద లెక్కిస్తారు, పాలసీలో దానికి యాడ్-ఆన్ (అదనపు కవరు) లేకపోతే మీరే కట్టుకోవాలి. విప్పాక కండెన్సర్ లీకు బయటపడితే, సర్వేయర్ మళ్లీ వచ్చి చూసేదాకా పాత ముక్క పారేయనివ్వకండి.